సైరెన్‌సెస్టర్ పక్కన ఒక రోమన్ సమాధి: మట్టి గీసిన రోజు నుంచి పెట్టెలోకి చేరేదాకా నా అనుభవం

ఇంగ్లండ్‌లో పాత పట్టణాల చుట్టుపక్కల ఇళ్ళు కట్టాలంటే ముందు మాలాంటి పురావస్తు తవ్వకాల వాళ్ళు వెళ్ళి నేల చూడాలి. కింద ఏమైనా ఉంటే తవ్వి, రాసుకుని, ఎత్తి భద్రం చేశాకే పునాదులు పడతాయి. ఆ ఖర్చు కట్టేవాళ్ళే పెట్టుకోవాలి. 1990లో వచ్చిన ప్రణాళికా మార్గదర్శకాలతో ఇది దేశమంతా పాటించే పద్ధతి అయింది. నేను హైదరాబాద్‌లో చరిత్ర చదివి, ఇక్కడికొచ్చి ప్రాచీన మానవ అస్థికల అధ్యయనంలో మాస్టర్స్ చేసి, ఇలాంటి తవ్వకాలు చేసే ఒక సంస్థలో చేరాను. నేను పూర్తిగా నా చేతుల మీదుగా తవ్విన మొదటి రోమన్ సమాధి గ్లాస్టర్‌షైర్‌లో, సైరెన్‌సెస్టర్ పరిసరాల్లో ఉంది. స్థలం పేరు, సంస్థ పేరు రాయడం లేదు, ఆ తవ్వకం నివేదిక ఇంకా అచ్చు కాలేదు. పని ఎలా సాగుతుందో మాత్రం వివరంగా రాస్తాను. మన దగ్గర పాత సమాధి తవ్వారంటే జనానికి ముందు గుర్తొచ్చేది గుప్తనిధులే కాబట్టి, ఇది రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

ముందు ఆ ఊరి సంగతి. రోమన్ల కాలంలో దాని పేరు కొరీనియం. లండన్‌ను పక్కన పెడితే రోమన్ బ్రిటన్‌లో అంత పెద్ద పట్టణం ఇంకోటి లేదు. ఫాస్ వే, ఎర్మిన్ స్ట్రీట్, ఏక్‌మన్ స్ట్రీట్ అనే మూడు పెద్ద బాటలు అక్కడ కలిసేవి. ఊరి పడమటి వైపు జనం గుండ్రంగా కూర్చుని ఆటలు, పోరాటాలు చూసిన ఆంఫీథియేటర్ తాలూకు గడ్డి కప్పుకున్న కట్టల మీద ఇప్పటికీ జనం సాయంత్రం పూట నడుస్తుంటారు. ప్రహరీ లోపల ఊరు, వెలుపల బాటల వెంట సమాధులు. చనిపోయినవాళ్ళను నగరం లోపల పూడ్చరాదు, కాల్చరాదు అని రోమన్ల తొలి లిఖిత చట్టమైన, క్రీ.పూ. 5వ శతాబ్దం నాటి పన్నెండు పట్టికల చట్టంలోనే ఉంది. రోమన్లు ఏ దేశం వెళ్ళినా ఆ కట్టుబాటు వాళ్ళ వెంట వెళ్ళింది. మా ఊళ్ళో కూడా బొందల గడ్డ పొలిమేర అవతలే, కాబట్టి ఈ ఏర్పాటు నాకు వింతగా తోచలేదు. అయితే ఇప్పటి ఊరు పాత ప్రహరీ దాటి పెరుగుతున్నకొద్దీ కొత్త ఇళ్ళు, దుకాణాలు, పార్కింగ్ స్థలాలు సరిగ్గా ఆ సమాధుల మీదికే వస్తాయి. ప్రహరీ పడమటి ద్వారమైన బాత్ గేట్ బయట 1970ల్లో జరిగిన తవ్వకాల్లోనే నాలుగు వందలకు పైగా సమాధులు బయటపడ్డాయి.

పని జేసీబీతోనే మొదలవుతుంది. కాకపోతే పళ్ళు లేని వెడల్పాటి బకెట్ తగిలిస్తారు, పళ్ళుంటే నేల చీరుకుపోతుంది. యంత్రం ముందు ఒక మనిషి నిలబడి, పై మట్టి పలుచగా గీస్తుంటే కళ్ళార్పకుండా చూడాలి. సైరెన్‌సెస్టర్ చుట్టూ అడుగున లేత పసుపు రంగు సున్నపురాయి పెంకులు ఉంటాయి. ఆ పెంకుల్లో ఎప్పుడో గొయ్యి తవ్వి తిరిగి పూడ్చి ఉంటే, పూడ్చిన మట్టి ముదురు గోధుమ రంగులో కనబడుతుంది. అలా మనిషి పొడవున ఒక ముదురు దీర్ఘచతురస్రం, దాని పక్కన ఇంకోటి, కొంచెం వంకరగా మూడోది. రంగు తేడా పట్టుకోవడానికి వాన కురిసి వెలిసిన పొద్దు మంచిది. ఎండ ముదిరితే అన్నీ ఒకే బూడిద రంగులోకి మారిపోతాయి.

ఎముక కనబడగానే తవ్వకం ఆగాలి. మనిషి అవశేషాలు కదిలించాలంటే 1857 నాటి ఖనన చట్టం కింద న్యాయ మంత్రిత్వ శాఖ లైసెన్సు ఉండాలి. అవశేషాలను గౌరవంగా, మర్యాదగా చూసుకోవాలి, బయటివాళ్ళ కంట పడకుండా మరుగు కట్టాలి, చివరికి వాటిని ఎక్కడ ఉంచుతారో చెప్పాలి. అన్నీ షరతులే. ఈ కాగితం పని కొందరికి విసుగు. నాకు మాత్రం మొదటిసారి ఆ షరతులు చదివినప్పుడు ధైర్యం వచ్చింది. పదహారు, పదిహేడు వందల ఏళ్ళ కిందట పోయిన మనిషికి, వారసులెవరో కూడా తెలియని మనిషికి, ఒక చట్టం అండగా నిలబడుతోంది.

నాకు అప్పగించిన గొయ్యి మధ్య వరసలోది. తవ్వేముందే దానికి నంబర్లు పడతాయి. గొయ్యికి ఒకటి, పూడ్చిన మట్టికి ఒకటి, శవపేటిక ఆనవాలుకు ఒకటి, అస్థిపంజరానికి ఒకటి. ఎందుకిన్ని అంటే, అవన్నీ వేర్వేరు పనులు. ఒకరు గొయ్యి తవ్వారు, ఒకరు పెట్టె దించారు, తర్వాత మట్టి పోశారు. మేం ఆ వరసను వెనక్కి తిప్పుతూ పోవాలి, చివర జరిగిన దాన్ని ముందు తీయాలి.

పైన తాపీతోనే తవ్వుతాం. ఇక్కడి పురావస్తు పనికి వాడేది మన మేస్త్రీల తాపీ లాంటిదే, నాలుగంగుళాల చిన్నది. ఎముక దగ్గర పడ్డాక తాపీ పక్కన పెట్టేసి చెక్క పుల్లలు, ప్లాస్టిక్ చెంచా, మెత్తటి కుంచె అందుకుంటాం. మొదట తగిలేది ఎక్కువగా పుర్రె, అన్నిటికంటే అదే ఎత్తులో ఉంటుంది కాబట్టి. అక్కడి నుంచి మెల్లగా కాళ్ళ వైపు దిగాలి. చేతులు, పాదాలు చివరికి వదిలేయాలి. వేళ్ళ ఎముకలు చిన్నవి, ముందే తెరిస్తే చెదిరిపోతాయి. గోతిలో కాలు పెట్టే చోటు ఉండదు. అంచుకు అడ్డంగా పలక వేసుకుని, దాని మీద బోర్లా పడుకుని, తల కిందికి వంచి పని చేయాలి. మెడ, నడుము పట్టేస్తాయి. ఎండ కాస్తే ఎముక ఎండి పగుళ్ళిస్తుంది, అందుకని నీళ్ళు చిలకరిస్తూ, భోజనానికి వెళ్ళేటప్పుడు తడి గుడ్డ, పైన పట్టా కప్పి వెళ్ళాలి.

ముందు మేకులు బయటపడ్డాయి. పెద్దవి, బొటనవేలంత పొడవు. గోతి నాలుగు మూలల్లో, పక్కల వెంట అక్కడక్కడ. చెక్క ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది, కానీ మేకుల తుప్పులో చెక్క నారలు అంటుకుని ఉన్నాయి. భూతద్దం పెడితే ఆ నారలు ఎటు సాగాయో కనబడుతుంది, దాన్నిబట్టి పలకను ఎటు వైపు బిగించారో చెప్పొచ్చు. ఒక్కో మేకు ఎక్కడుందో, ఎంత లోతులో ఉందో జీపీఎస్ కర్రతో కొలిచి, నంబరు ఇచ్చి, విడి సంచిలో వేశాను. ఆ చుక్కలన్నీ కలిపితే శవపేటిక ఆకారం తిరిగి వచ్చింది. తల వైపు కొంచెం వెడల్పు, కాళ్ళ వైపు సన్నం.

తర్వాత మనిషి. వెల్లకిలా పడుకోబెట్టారు. కుడి చేయి పొట్ట మీద, ఎడమ చేయి పక్కన. కటి ఎముకలో తుంటి వెనకున్న గాడి వెడల్పుగా ఉంది, కాబట్టి బహుశా ఆడమనిషి అని పత్రంలో రాశాను. మెడలో పూస లేదు, చేతికి కడియం లేదు. రోమన్ సమాధి అంటే నోట్లో నాణెం వెతుకుతారు చాలామంది, పాతాళ నది దాటించే పడవవాడికి ఇచ్చే కూలి. దవడ కింది మట్టంతా జల్లించాం, అది కూడా లేదు. పక్క గోతిలో పనిచేస్తున్న కుర్రాడు తొంగి చూసి, ఈమెకు ఏమీ పెట్టలేదే అన్నాడు.

కాళ్ళ దగ్గర పెట్టారు. మోకాలు దాటాక చెక్క పుల్ల కొనకు గరగరమని తగిలింది. తుప్పు పట్టిన ఇనుప ముద్దలు, ఒక్కోటి శనగ గింజంత. రోమన్లు తోలు జోళ్ళ అడుగున చిన్న మేకులు దట్టంగా కొట్టేవాళ్ళు. తోలు పోయి మేకులు మిగులుతాయి. చాలా సమాధుల్లో అవి పాదాల ఎముకల కిందే దొరుకుతాయి, అంటే జోళ్ళు తొడిగి పూడ్చారని. ఇక్కడ పాదాల కింద ఒక్కటీ లేదు. అన్నీ ఎడమ పిక్క ఎముక పక్కన గుంపుగా ఉన్నాయి. నేను కుంచె తీసుకోబోతుంటే మా సూపర్‌వైజర్ వచ్చి గట్టు మీద కూర్చుని, “ఏదీ కదిలించకు. ముందు ఒక్కో మేకు తల ఎటు చూస్తోందో రాయి” అన్నారు.

రాయడం మొదలుపెట్టాను. ఒక వరస మేకుల తలలు తూర్పుకు తిరిగి ఉన్నాయి. దానికి బెత్తెడు దూరంలో ఇంకో వరస, ఆ తలలు పడమరకు. అంటే రెండు వరసలూ ఒకదాన్నొకటి చూస్తున్నాయి. పూర్తిగా గీసేసరికి విషయం తేటపడింది. ఎవరో ఆ జోళ్ళను జత చేసి, అడుగుభాగాలు ఎదురెదురుగా వచ్చేలా నిలబెట్టి, ఆమె కాలి పక్కన సర్దారు. విసిరేసినవి కావు, పైనుంచి జారినవి కావు. ఆ మేకుల గుంపును మట్టితో సహా ఒకే ముద్దగా ఎత్తి, గుడ్డ కట్టి, ఎక్స్‌రేకు పంపించాం. అడుగున మేకులు ఏ నమూనాలో కొట్టారో ఎక్స్‌రేలో తెలుస్తుంది.

సమాధిలో మాట్లాడేది వస్తువు కాదు, వస్తువు ఉన్న చోటు. ఆ మేకులను చేత్తో ఏరి ఒక కవర్లో వేసి ఉంటే మిగిలేది గుప్పెడు తుప్పు. ఆ ఊళ్ళోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 2015లో పడమటి శ్మశానంలో చెక్కిన రాతి పలక ఒకటి బోర్లా పడి కనిపించింది. తిప్పి చూస్తే లాటిన్ అక్షరాలు: బోడికాకియా, భార్య, 27 ఏళ్ళు జీవించింది. ఆ రాయి కింద ఉన్న అస్థిపంజరం మాత్రం మగవాడిది. తరవాతి కాలంలో ఎవరో పాత సమాధి రాయిని తెచ్చి అతని గోతి మీద కప్పారు. ఆ రాయి ఒక్కటే ఏ పాతసామాన్ల దుకాణంలోనో తేలి ఉంటే, దాని రెండో కథ ఎవరికీ తెలిసేది కాదు.

ఆ రాత్రి అమ్మకు ఫోన్‌లో చెప్పాను. “బొంద తవ్వినవా బిడ్డా?” అని కాసేపు ఊరుకుంది. తర్వాత “తలస్నానం చేసినవా?” అంది. చేశానన్నాను. “ఆడమనిషా? ఏం పెట్టి సాగదోలిన్రు ఆమెను?” జోళ్ళు పెట్టారమ్మా అన్నాను. “మంచిగ చేసిన్రు. దూరం నడవాలె గద” అంది. చనిపోయినవాళ్ళ ప్రయాణం కోసమే జోళ్ళు పెట్టి ఉంటారని ఇక్కడి పండితులూ అనుకుంటారు. అమ్మకు ఆ మాట ఎవరూ చెప్పనక్కర్లేదు. మా ఇంట్లో పూడ్చడమే ఆనవాయితీ. మా నాన్నమ్మను పూడ్చినప్పుడు ఆమె ఆకువక్కల సంచి చేతి పక్కన పెట్టారు.

ఎత్తే ముందు ఫోటోలు. గొయ్యి అంచులు శుభ్రంగా గీసి, స్కేలు, ఉత్తర దిక్కు బాణం, నంబరు పలక పెట్టి, పైనుంచి తీస్తాం. ఆపైన అన్ని వైపుల నుంచీ ఒకదాని మీద ఒకటి వచ్చేలా ఫోటోలు తీస్తే కంప్యూటర్‌లో త్రీడీ రూపం తయారవుతుంది. అస్థిపంజర పత్రంలో బొమ్మ ఉంటుంది, ఉన్న ఎముకలు నింపాలి, లేనివి ఖాళీ వదలాలి. తల, పొట్ట, చేతులు, పాదాలు ఉన్న చోట్ల మట్టి విడివిడిగా సంచుల్లోకి వెళ్తుంది. పొట్ట భాగం మట్టిలో నులిపురుగుల గుడ్లు, పిత్తాశయంలో ఏర్పడిన రాళ్ళు దొరికే అవకాశం ఉంది. ఇవన్నీ అయ్యాకే ఎముకల మీద చేయి వేయాలి. కుడి చేయి ఒక సంచి, ఎడమ చేయి ఒక సంచి, పాదాలు రెండూ వేరు వేరు, పక్కటెముకలు కుడి ఎడమలుగా. వేళ్ళ ఎముకలు కలిసిపోతే తర్వాత కుడిదేదో ఎడమదేదో తేల్చడానికి గంటలు పడుతుంది.

కడగడం గురించి తక్కువే చెప్పాలి, ఓపిక తప్ప అందులో ఏమీ లేదు. మామూలు నీళ్ళు, మెత్తటి టూత్‌బ్రష్, కింద జల్లెడ. నానబెట్టకూడదు. నీడలో ఆరబెట్టాలి. ఒక్క జాగ్రత్త మాత్రం ముఖ్యం: పళ్ళ మీద పేరుకున్న గార రుద్దకూడదు. అందులో ఆమె తిన్న తిండి రేణువులు, నోట్లో ఉన్న సూక్ష్మజీవుల డీఎన్‌ఏ ఇప్పటికీ నిలిచి ఉండొచ్చు.

ఎముకలు ఆరాక బల్ల మీద మనిషి వరసలో పేర్చాం. కటి ఎముకల ముందు కీలు తలం వయసు చెబుతుంది. చిన్న వయసులో దాని మీద గట్లు గట్లుగా ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ చదునై తర్వాత గరుకెక్కుతుంది. దాన్నిబట్టి ఆమెకు 35 దాటాయి. తొడ ఎముక పొడవునుబట్టి ఎత్తు ఐదడుగుల పైచిలుకు. కింది దవడ పళ్ళు రెండు చాలా ముందే ఊడిపోయాయి, ఆ పంటి గుంటలు ఎముకతో పూడిపోయాయి. కోరపళ్ళ పింగాణీ మీద అడ్డగీతలున్నాయి, చిన్నతనంలో జబ్బో ఆకలో ఆ పన్ను ఎదుగుదలను కొన్నాళ్ళు ఆపిందన్నమాట. ఎడమ ముంజేతి ఎముక ఒకటి విరిగి అతుక్కుంది. దెబ్బ కాచుకోబోయినా అలా విరుగుతుంది, జారిపడినా విరుగుతుంది. ఎవరో కొట్టారని కథ అల్లడం తేలిక, వినేవాళ్ళకూ అదే కావాలి. ఆమె పక్షాన మాట్లాడే హక్కు నాకు అంతవరకు లేదు. విరిగింది, ఎవరో కట్టు కట్టి సరిగ్గా చూసుకున్నారు, వంకర లేకుండా అతికింది. ఎముక చెప్పింది అంతే, నేను రాసిందీ అంతే.

ఇలాంటి తొందరపాటు తీర్మానాలు తల వేరుచేసిన సమాధుల విషయంలో మరీ ఎక్కువ. బకింగ్‌హమ్‌షైర్‌లోని ఫ్లీట్ మార్స్‌టన్ దగ్గర హైస్పీడ్ రైలుమార్గం కోసం తవ్వినప్పుడు దాదాపు 425 రోమన్ సమాధులు బయటపడ్డాయి. 2022లో ఆ సంగతి వెల్లడించారు. వాటిలో పదో వంతు మందికి తల తీసి ఉంది, కొందరి తల కాళ్ళ దగ్గర పెట్టారు. పత్రికలు వెంటనే నేరస్థులన్నాయి. అది ఒక వివరణే. రోమన్ కాలం చివర్లో బ్రిటన్ పల్లెల్లో ఇది కొందరికి చేసిన ఖనన ఆచారమన్నది రెండో వివరణ, తవ్వినవాళ్ళు రెండింటినీ ముందుంచారు.

మా తవ్వకంలో పసిపిల్లల గోతులు కూడా ఉన్నాయి. వాటి గురించి ఎక్కువ రాయలేను. కానీ ఒక్క విషయం చెప్పాలి. పళ్ళు రాని పిల్లలను దహనం చేయడం లోకాచారం కాదని 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు. మన దగ్గర దహనం చేసే ఇళ్ళలో కూడా పసికందు పోతే పూడ్చడమే. సైరెన్‌సెస్టర్‌లో 2011లో ఒక చిన్న బిడ్డ సమాధిలో రంగు రంగుల పింగాణీ పూత వేసిన కంచు కోడిపుంజు బొమ్మ దొరికింది. పుంజు మెర్క్యురీ దేవుడి వాహనం లాంటిది, చనిపోయినవాళ్ళను పరలోకానికి దారి చూపి తీసుకెళ్ళేది ఆయనే. ఆ బొమ్మ ఇప్పుడు ఆ ఊరి కొరీనియం మ్యూజియంలో ఉంది. నేను దాని ముందు నిలబడినప్పుడు అది ఎంత ఖరీదైనదో తోచలేదు, దాన్ని కొన్న అమ్మానాన్నలు తోచారు.

అదే మ్యూజియంలో ఇద్దరు ఆశ్విక సైనికుల సమాధి రాళ్ళు ఉన్నాయి. ఒకరు సెక్స్టస్ వలేరియస్ జెనియాలిస్, ఫ్రీసియా ప్రాంతం వాడు, అంటే ఇప్పటి నెదర్లాండ్స్ తీరం. 40 ఏళ్ళకు పోయాడు, 20 ఏళ్ళ కొలువు. రెండోవాడు డానికస్, ఇప్పటి స్విట్జర్లాండ్‌లోని బాజెల్ ప్రాంతం నుంచి వచ్చాడు. దూరం నుంచి బతుకుదెరువుకు వచ్చి ఇక్కడే మట్టిలో కలిసినవాళ్ళు. రాయి ఉన్నవాళ్ళ ఊరు రాయి చెబుతుంది, రాయి లేనివాళ్ళకు పన్ను చెబుతుంది. పన్ను పింగాణీ చిన్నతనంలో ఏర్పడి మళ్ళీ మారదు. అప్పుడు తాగిన నీళ్ళ, తిన్న పంట కింది నేల గుర్తులు స్ట్రాన్షియం, ఆక్సిజన్ ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) రూపంలో అందులో ఉండిపోతాయి. మా సమాధిలోని ఆమె పన్ను ఒకటి నమూనాగా తీశాం. పన్ను తీయడం అంటే ఆమెలో కొంత నాశనం చేయడమే, అందుకని ఎందుకు, ఎంత, ఏ ప్రశ్న కోసం అని రాసి అనుమతి తీసుకున్నాకే తీశాం.

పరీక్షలయ్యాక ఎముకలు తిరిగి పూడ్చాలా, భద్రపరచాలా అన్నది ఇక్కడ పాత వాదన. పూడ్చాలనేవాళ్ళ మాట నాకు అర్థమవుతుంది, పూడ్చే ఇంట్లో పుట్టినదాన్నే. అయినా నేను భద్రపరచాలనే అంటాను. 1901లో యార్క్‌లో ఒక యువతి రాతి శవపేటిక దొరికింది. ఏనుగు దంతపు గాజులు, జెట్ అనే నల్లటి రాయి గాజులు, గాజు కూజా ఆమె పక్కన ఉన్నాయి. 4వ శతాబ్దం మనిషి. అప్పట్లో ఆమె గురించి అంతకంటే ఏమీ చెప్పలేకపోయారు. ఎముకలు మ్యూజియంలో ఉన్నాయి కాబట్టే నూరేళ్ళు దాటాక, 2010లో, రెడింగ్ విశ్వవిద్యాలయం వాళ్ళు పుర్రె కొలతలు, ఐసోటోపులు చూసి ఆమెకు ఆఫ్రికా మూలాలున్నాయని చెప్పగలిగారు. 1901లోనే మళ్ళీ పూడ్చేసి ఉంటే ఆ మాట చెప్పడానికి ఆమె ఉండేది కాదు.

రోమన్ల సంగతి మనకెందుకు అని అడిగేవాళ్ళున్నారు. నాగార్జునకొండలోనే రోమన్ బంగారు నాణేలు దొరికాయి, వాళ్ళ ఓడలు మన తీరానికి వచ్చాయి. అది అలా ఉంచి, నాకు బాధ కలిగించేది వేరే. ఖమ్మం వైపు గోదావరి ఒడ్డున జానంపేట, ఇంకా ఎన్నో ఊళ్ళలో ఇనుప యుగం నాటి రాతి సమాధులున్నాయి. జనం రాక్షస గుళ్ళంటారు. బంగారం ఉందని రాత్రిపూట వచ్చి పలకలు పగలగొట్టి పోతారు. బంగారం దొరకదు. కుండ పెంకులు, ఇనుప ముక్కలు, ఎముకలు బయటికి విసిరి పోతారు. ఏ కుండ తల దగ్గర ఉంది, ఏ కత్తి ఏ చేతి పక్కన ఉంది, అది ఇక ఎవరూ చెప్పలేరు. మళ్ళీ పేర్చడానికి కుదరదు.

అందుకే ఇది చదివేవాళ్ళను అడుగుతున్నాను. మీ పొలంలో, చెరువు పనిలో, ఇంటి పునాదిలో ఎముకలతో పాటు పాత కుండలు, ఇనుము కనబడితే యంత్రం ఆపించండి. ఏదీ ఎత్తకండి, కడగకండి. పక్కన స్కేలో పెన్నో పెట్టి, ఉన్నది ఉన్నట్టు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి, ఫోన్‌లో లొకేషన్ నమోదు చేయండి. తహసీల్దారుకు, తెలంగాణలో అయితే వారసత్వ శాఖకు, ఆంధ్రలో పురావస్తు శాఖకు కబురు చేయండి. వాళ్ళు వచ్చేదాకా పట్టా కప్పి ఉంచండి, తడి ఆరకుండా.